నాలుగు కమాన్లు

రెండు వయొలిన్లు. వాటికంటే కొంచెం పెద్దగా, గొంతు కాస్త బొంగురుగా ఉండే వియోలా ఒకటి. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో ఒకటి. ఈ నాలుగూ కలిస్తే దాన్ని స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు. యూరప్‌లో రెండున్నర వందల ఏళ్ళ కింద పుట్టిన పద్ధతి ఇది. ముందు నిలబడి చేతులు ఊపేవాడు ఉండడు. డోలు ఉండదు, పాట ఉండదు. నలుగురివీ తీగలే, నలుగురి చేతుల్లోనూ కమాన్లే. మొదలుపెట్టేముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్ళలో ఒకరు ఊపిరి పీల్చిన చప్పుడుకి నాలుగు కమాన్లూ ఒక్కసారి కదులుతాయి.

మేమిద్దరం ఆదిలాబాద్ కొండల్లో పిల్లలకు చదువు చెప్పుకునేవాళ్ళం. మాలో ఒకరిది గోండుల ఇల్లు, ఇంకొకరిది ప్రధాన్ల ఇల్లు. అంటే ఒకరిది దాతల ఇల్లు, ఒకరిది కిక్రి వాయించి కథ చెప్పే ఇల్లు. అమెరికాలో వాయించే నలుగురి గురించి మేమెందుకు రాస్తున్నామని మా స్నేహితుడొకాయన అడిగాడు. 'మనకు మన పాటలు లేవా?' అన్నాడు. ఉన్నాయి. వాటి కోసమే రాస్తున్నాం. మన కిక్రి కూడా కమానుతో పలికేదే. మూడు తీగలది. ఆ నలుగురి చేతుల్లోకి ఆ వాద్యాలు ఎట్లా వచ్చాయో తెలుసుకుంటుంటే, మన పిల్లల చేతుల్లోంచి కిక్రి ఎట్లా జారిపోతున్నదో మాకు తేటగా కనబడింది.

ఆ నలుగురి జట్టు పేరు కెటలిస్ట్ క్వార్టెట్. సైన్సు చెప్పే మాస్టార్లకు ఆ మాట తెలుసు, ఉత్ప్రేరకం. 2010లో పుట్టింది. ఈ విద్య మాది కాదు అనిపించేలా చాలా కాలం బయట నిలబెట్టిన సమాజాల నుంచి వచ్చిన పిల్లలు ఇందులో ఉన్నారు. అందుకే ముందు ఆ 'బయట నిలబెట్టడం' సంగతి చెప్పాలి.

క్వార్టెట్ అనగానే మనకు పెద్దింటి సంగీతమనిపిస్తుంది. నల్లకోట్లు, అద్దాల దీపాలు. కానీ దీనికి తండ్రి అని అందరూ చెప్పే జోసెఫ్ హైడన్ బండి చక్రాలు చేసే వడ్రంగి కొడుకు. తల్లి దొరల ఇంట్లో వంటమనిషి. ఎస్టర్‌హాజీ అనే జమీందారు వంశం దగ్గర దాదాపు ముప్పై ఏళ్ళు కొలువు చేశాడు. అక్కడ మిగిలిన నౌకర్లలాగే ఆయనా దొర ఇచ్చిన దుస్తులే వేసుకోవాలి. అరవైకి పైగా క్వార్టెట్లు రాసిన మనిషి స్థితి అది. మా ఇద్దరిలో ప్రధాన్ ఇంటి మనిషికి ఈ విషయం చదివినప్పుడు నవ్వొచ్చింది. దాత ఇచ్చిన పంచె కట్టుకుని దాత వంశం గొప్పగా పాడటం మా తాతలకు కొత్తేమీ కాదు.

ఇంకొకాయన ఉన్నాడు, సెయింట్ జార్జెస్. 1745లో గ్వాడెలూప్ ద్వీపంలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి తోటల యజమాని, తల్లి ఆ తోటల్లో బానిస. ఫ్రాన్స్‌లో మొట్టమొదట క్వార్టెట్లు రాసి అచ్చు వేయించిన కొద్దిమందిలో ఆయనొకడు. కత్తిసాములో, వయొలిన్‌లో పారిస్‌లో ఆయనకు ఎదురు లేదనేవారు. అయినా 1776లో పారిస్ ఒపేరాకు ఆయన్ని అధిపతిగా వేద్దామన్నప్పుడు అక్కడి గాయనులు రాణికి అర్జీ పెట్టారు. నల్లతల్లి కొడుకు ఆజ్ఞల కింద మేము పనిచేయం అన్నారు. ఉద్యోగం పోయింది. అంటే నల్లవాళ్ళకు ఈ సంగీతం కొత్త కాదు. మొదటి నుంచీ ఇందులో ఉన్నారు, మొదటి నుంచీ గుమ్మం దగ్గరే ఆపారు.

రెండువందల ఏళ్ళు దాటినా లెక్క పెద్దగా మారలేదు. 2014లో అమెరికా ఆర్కెస్ట్రాల్లో వందమంది వాయిద్యకారుల్ని లెక్కపెడితే నల్లవాళ్ళు ఇద్దరు కూడా లేరు, 1.8 శాతం. లాటినోలు 2.5 శాతం. ఆ దేశ జనాభాలో మాత్రం ఈ రెండు సమాజాలూ కలిసి దాదాపు మూడో వంతు.

ఈ లెక్క చూసి ఊరుకోని మనిషి ఆరన్ డ్వార్కిన్. 1970లో పుట్టాడు. తండ్రి నల్లవాడు, తల్లి తెల్ల స్త్రీ. రెండు వారాల పసికందుగా ఉన్నప్పుడే ఒక తెల్ల యూదు దంపతులు పెంపకానికి తీసుకున్నారు. పెంపుడు తల్లి వయొలిన్ వాయించేది. ఐదో ఏట పిల్లవాడి చేతికి వయొలిన్ వచ్చింది. ఎక్కడ వాయించడానికి వెళ్ళినా తన రంగు వాళ్ళు తానొక్కడే. 1997లో, విద్యార్థిగా ఉండగానే, డెట్రాయిట్‌లో స్ఫింక్స్ అనే సంస్థ మొదలుపెట్టాడు. నల్ల, లాటినో పిల్లలకు తీగవాద్యాల్లో పోటీ పెట్టడం, వేసవి శిబిరాలు నడపడం, వాయిద్యాలు చేతికివ్వడం దాని పని. ఆ పోటీల్లో ఎదిగి వచ్చిన వాళ్ళతోనే స్ఫింక్స్ కెటలిస్ట్ క్వార్టెట్‌ను కట్టింది.

మొదటి నుంచీ నలుగురూ వాళ్ళే కాదు. ఏ జట్టులోనైనా మనుషులు మారుతుంటారు. మేము ఎక్కువగా విన్న రోజుల్లో ఉన్నవాళ్ళ గురించి చెబుతాం.

కార్లా డోనెహ్యూ పెరెజ్ వయొలిన్. ప్యూర్టోరికో అనే చిన్న ద్వీపం పిల్ల. మూడేళ్ళకే వయొలిన్ పట్టింది, తొమ్మిదేళ్ళకు ఆ ద్వీపపు పెద్ద ఆర్కెస్ట్రాతో వాయించింది. చెల్లో వాయించే కార్లోస్ రోడ్రిగ్జ్‌ది క్యూబా మూలాలున్న కుటుంబం. వియోలా పాల్ లరాయియా, 2011లో స్ఫింక్స్ పోటీలో మొదటి బహుమతి అతనిదే.

జెస్సీ మాంట్గోమరీ దగ్గర కాస్త ఆగాలి. 1981లో న్యూయార్క్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేటలో పుట్టింది. వలసవచ్చినవాళ్ళు, పనివాళ్ళు, కళాకారులు ఇరుకిరుకుగా బతికిన పేట. తండ్రి సంగీతకారుడు, ఒక చిన్న స్టూడియో నడిపేవాడు. తల్లి నాటకాలు వేసే మనిషి, తన వాళ్ళ కథలు తానే వేదికమీద చెప్పే మనిషి. ఇంట్లో ఒకవైపు సంగీతం, ఇంకోవైపు కథ. మన పటాడి ఇంటి వాతావరణం అంటే ఇదే కదా అనిపించింది మాకు. ఆమె జూలియర్డ్ అనే పేరున్న సంగీత కళాశాలలో వయొలిన్ చదివింది. చదువయ్యాక ప్రావిడెన్స్ అనే ఊళ్ళో కమ్యూనిటీ మ్యూజిక్‌వర్క్స్ దగ్గర పనిచేసింది. అక్కడ ఒక క్వార్టెట్ వాళ్ళు పేదలుండే వీధిలోనే గది తీసుకుని, రోజూ అక్కడే సాధన చేస్తూ, ఆ వీధి పిల్లలకు ఊరికే నేర్పేవారు. పిల్లలు దారినపోతూ తొంగిచూసేవారు, మెల్లగా లోపలికొచ్చేవారు. మా దృష్టిలో ఈ ఆలోచన ఎన్నో పెద్ద కళాశాలలకంటే మేలైనది. సంగీతాన్ని పిల్లల దారిలో పెట్టడం. పిల్లలు వెతుక్కుంటూ పట్నానికి పోవాల్సిన పని లేదు.

అక్కడివాళ్ళ కోసమే 2006లో ఆమె 'స్ట్రమ్' అనే రచన చేసింది. తర్వాత దాన్ని దిద్ది క్వార్టెట్‌కు మార్చింది. అందులో చాలాసేపు కమాను పక్కన పెట్టి తీగల్ని వేళ్ళతో మీటుతారు. గిటారు మీటినట్టు, దరువు వేసినట్టు. అదే ఒకరోజు సాయంత్రం హాస్టల్ పిల్లలకు వినిపించాం. పావుగంటలోపు పాటే కాబట్టి కదలకుండా కూర్చున్నారు. అయిపోయాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది, "సార్, ఆ నలుగురిలో పెద్ద ఎవరు? ఎవరి మాట మీద మొదలువెడుతున్నరు?"

పెద్ద ఎవరూ లేరమ్మా, ఒకరినొకరు చూసుకుని మొదలుపెడతారు అని చెప్పాం. పిల్ల నమ్మలేదు. "ఎవరో ఒకరు పెద్ద ఉంటరు సార్. లేకుంటే కొట్లాడుకుంటరు" అంది. కొట్లాడుకుంటారు కూడా. రాగం ఎంత వేగంగా పోవాలి, ఇక్కడ ఎవరి గొంతు పైన ఉండాలి అని గంటలకొద్దీ వాదించుకుని, వాదించుకున్నాకే వాయిస్తారు. ఆ పిల్ల ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. పెద్ద, చిన్న లేకుండా నలుగురు కలిసి పనిచేయడం మన పిల్లలు ఎక్కడ చూశారు గనక? ఇంట్లో చూశారా, బడిలో చూశారా?

వెనకవరుసలో ఇంకొక పిల్లవాడు, ప్రధాన్ల పిల్లవాడే, ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ వచ్చి, "మా తాత కిక్రి కూడా గట్లనే ఏడుస్తది సార్" అని చెప్పి పరుగెత్తాడు.

కెటలిస్ట్ వాళ్ళు చేసిన ఇంకో పని 'అన్‌కవర్డ్' అనే పేరుతో 2021 నుంచి వరసగా తెచ్చిన ఆల్బములు. మూతవేసి ఉన్నదాన్ని తెరవడమని అర్థం. మరుగున పడిన నల్లజాతి సంగీతకర్తల రచనల్ని వెతికి వాయించారు. రెండోది మొత్తం ఫ్లారెన్స్ ప్రైస్‌ది. ఆమె 1887లో ఆర్కన్సాలో పుట్టింది. 1933లో షికాగో సింఫనీ ఆమె రాసిన సింఫనీని వాయించింది. అంత పెద్ద ఆర్కెస్ట్రా ఒక నల్లజాతి స్త్రీ రచన వాయించడం అదే మొదలు. 1953లో ఆమె చనిపోయాక ప్రపంచం ఆమెను దాదాపు మరిచింది. 2009లో ఇల్లినాయ్‌లో పాడుబడ్డ ఒక ఇల్లు కొన్నవాళ్ళకు లోపల కట్టలకొద్దీ కాగితాలు దొరికాయి. అవన్నీ ఆమె చేతిరాత. ఆ ఇల్లు ఒకప్పుడు ఆమె వేసవిలో ఉండి రాసుకున్న ఇల్లు.

ఇది చదివి మేము గుంజాలను తలుచుకున్నాం. నార్నూర్ దగ్గర ఆ ఊళ్ళో గోండి లిపిలో ఉన్న చేతిరాత ప్రతులు బయటికొచ్చేదాకా, గోండికి సొంత లిపి ఎక్కడిది అన్నవాళ్ళే ఎక్కువ. ఇప్పుడది గుంజాల గోండి లిపి పేరుతో కంప్యూటర్లలోకి కూడా ఎక్కింది. కాగితం మీద ఉన్నది అటకమీద యాభై ఏళ్ళు పడి ఉన్నా దొరుకుతుంది. కిక్రి మీద ఉన్నది మాత్రం వాయించే మనిషి ఉన్నంతవరకే. తాత పోతే అటకమీద వెతికినా ఉత్త కట్టె దొరుకుతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే లెక్క సగమే అవుతుంది. వయొలిన్ అందరి దగ్గరికీ మంచితనంగానే రాలేదు. అమెరికాలో ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయి దూరాన బోర్డింగ్ బడుల్లో పెట్టారు. వాటిలో పేరుమోసింది పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడి, 1879 నుంచి 1918 దాకా నడిచింది. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, తమ భాష మాట్లాడితే శిక్షించారు. అదే బడిలో బ్యాండు నేర్పారు, పియానో నేర్పారు. నోట్లోంచి పాట తీసేసి చేతికి వాద్యమిచ్చారన్నమాట.

ఆ కాలపు మనిషి జిట్కాలా షా. 1876లో యాంక్టన్ డకోటా తెగలో పుట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు మిషనరీల బడికి తీసుకుపోయారు. అక్కడ తన జడలు కత్తిరించిన రోజు గురించి పెద్దయ్యాక రాసింది. మన ఆశ్రమ పాఠశాలల్లో చదివిన ఏ ఆడపిల్ల చదివినా ఆ పుట దగ్గర ఆగిపోతుంది. ఆమె వయొలిన్ నేర్చుకుంది, బోస్టన్‌లో పెద్ద సంగీత కళాశాలలో చదివింది. కార్లైల్‌లో పంతులమ్మగా ఉంది. 1900లో ఆ బడి బ్యాండుతో కలిసి వయొలిన్ వాయించింది. అదే ఏడు ఆ బడులు పిల్లల్ని ఏం చేస్తున్నాయో పెద్ద పత్రికలో రాసింది. బడివాళ్ళకు కోపమొచ్చింది. ఆమె వెనక్కి తగ్గలేదు. 1913లో తన వాళ్ళ సూర్యనృత్యం మీద ఒక ఒపేరాకు పనిచేసింది, తను ఎరిగిన పాటల్ని వయొలిన్ మీద వాయించి చూపించింది. తర్వాత జీవితమంతా ఆదివాసీల హక్కుల కోసం తిరిగింది.

వాళ్ళిచ్చిన వయొలిన్‌ను ఆమె పారేయలేదు. దాన్ని తనవైపు తిప్పుకుంది. మన దక్షిణాదిలోనూ ఫిడేలు దొరల వెంట వచ్చినదే. దాన్ని ఒడిలోకి దించి, కింద కూర్చుని, మన గమకాలు పలికించారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించినప్పుడు అది పరాయి వాద్యమని ఎవరికీ గుర్తు లేదు. కాబట్టి వాద్యం ఎక్కడిది అన్న గొడవ మాకు లేదు. దానిమీద ఎవరి మాట పలుకుతుంది అన్నదే గొడవ.

ఈ మాటకు మాకు దొరికిన గట్టి జవాబు అరిజోనాలో ఉంది. అక్కడ గ్రాండ్ కేన్యన్ అనే పెద్ద లోయ. దాని చుట్టుపక్కల నవాహో, హోపీ తెగల నేలలు. నవాహోలు తమను తాము దినే అనుకుంటారు, మన గోండులు తమను కోయతూర్ అనుకున్నట్టు. పేర్లు పెట్టేవాళ్ళు ఎప్పుడూ వేరేవాళ్ళే. నవాహో నేల మన తెలంగాణలో సగానికి పైనే ఉంటుంది. మనిషికీ మనిషికీ దూరం, ఇంటికీ బడికీ దూరం. గ్రాండ్ కేన్యన్ సంగీతోత్సవం వాళ్ళు 2001లో ఆ తెగల హైస్కూలు పిల్లల కోసం ఒక పని మొదలుపెట్టారు. పిల్లలకు వయొలిన్ నేర్పడం కాదు, పిల్లల చేత క్వార్టెట్ రాయించడం.

మొదట మాకు నమ్మబుద్ధి కాలేదు. స్వరాలు రాయడం రాని పిల్ల క్వార్టెట్ ఎట్లా రాస్తుంది? ఒక ఆదివాసీ సంగీతకర్త బడికి వస్తాడు. మొదట వచ్చినాయన బ్రెంట్ మైకేల్ డేవిడ్స్, మోహికన్ తెగవాడు. పిల్లల పక్కన కూర్చుంటాడు. నీకు ఏం వినబడుతున్నది, హమ్ చేయి, బల్లమీద కొట్టి చూపించు, దాన్ని ఇట్లా రాస్తారు అని చెబుతాడు. తర్వాత పేరున్న క్వార్టెట్ ఒకటి ఆ బడికే వస్తుంది. ఈథెల్ అనే జట్టు వచ్చింది, మన కెటలిస్ట్ వాళ్ళూ పోయారు. పిల్ల రాసిన కాగితం ముందుపెట్టుకుని అక్కడికక్కడే వాయిస్తారు. ఇక్కడ గట్టిగా కావాలా, మెల్లగానా, నువ్వనుకున్నది ఇదేనా అని పిల్లనే అడుగుతారు. జూలియర్డ్‌లో చదివినామె పదిహేనేళ్ళ నవాహో పిల్ల ముందు కమాను ఎత్తి పట్టుకుని 'చెప్పు' అన్నట్టు చూస్తుంది. ఆ తర్వాత అందరి ముందూ కచేరీ. కింద ఆ పిల్ల పేరు ఉంటుంది, సంగీతకర్త అని.

2004 నుంచి ఈ పని చేస్తున్న రేవెన్ చాకోన్ నవాహో మనిషి. 1977లో నవాహో నేలమీద ఫోర్ట్ డిఫయన్స్‌లో పుట్టాడు. ఇన్నేళ్ళలో మూడువందలకు పైగా పిల్లల చేత క్వార్టెట్లు రాయించాడు. 2022లో ఆయనకే పులిట్జర్ బహుమతి వచ్చింది. సంగీతంలో ఆ బహుమతి అందుకున్న మొదటి ఆదివాసీ ఆయన. పత్రికలన్నీ బహుమతి గురించే రాశాయి. మూడువందల మంది పిల్లల గురించి రాసి ఉంటే మాకు ఇంకా నచ్చేది.

ఇప్పుడు మన ముంగిట్లోకి వద్దాం.

కిక్రి ప్రధాన్ల వాద్యం, తోటివాళ్ళ వాద్యం కూడా. గోండుల నాలుగు సగలు, అంటే ఏడుగురు, ఆరుగురు, ఐదుగురు, నలుగురు అన్నదమ్ముల వంశాలు, వాటి పుట్టుక, వాటి దేవతలు, ఇవన్నీ ఆ మూడు తీగల మీదే బతికాయి. పటాడి లేకుండా పెర్సాపేన్ పూజ నడవదు. కేస్లాపూర్‌లో నాగోబా దగ్గర మెస్రం వంశం కూడినప్పుడు వాళ్ళ పటాడి కథ చెప్పాల్సిందే. ప్రధాన్లు ఇంట్లో మాట్లాడేది మరాఠీ కలిసిన మాట, పాడేది గోండి. అంటే గోండుల చరిత్ర గోండుల నోట కంటే ప్రధాన్ల నోట ఎక్కువ భద్రంగా ఉంది. కిక్రి ఒక్కటే కాదు, వెంట గొంతు కలిపేవాళ్ళు, పెప్రె ఊదేవాళ్ళు, డోలు కొట్టేవాళ్ళు. అదీ ఒక జట్టే, మన క్వార్టెట్.

అయితే ఆ జట్టుకు కూర్చునే చోటు ఎక్కడ? ఈ మాట మా ఇద్దరి మధ్య చాలాసార్లు నలిగింది. కథ చెప్పేదాకా పటాడి గురువు లెక్క. కథ అయ్యాక పంక్తి వేరు. ధాన్యం ఇచ్చారు, బట్టలు పెట్టారు, చావుకు ఆవును ఇచ్చారు, నిజమే. దాత ఇంటి మనిషిగా పుట్టిన మాలో ఒకరం చిన్నప్పుడు దాన్ని దానమనే విన్నాం, జీతమని వినలేదు. ప్రధాన్ పిల్లవాడు కిక్రి వదిలి డిగ్రీ చదివితే 'సంస్కృతి పోతున్నది' అని బాధపడేవాళ్ళను చూస్తున్నాం. ఆ పిల్లవాడు వదిలింది రాగాన్ని కాదు, చేయి చాపే చోటును. ఆ చోటు మార్చకుండా రాగాన్ని మాత్రం ఉంచమంటే ఎట్లా ఉంచుతాడు?

పెళ్ళిళ్ళకు ఇప్పుడు డీజే బండి వస్తున్నది. దానికి అడిగినంత ముందే చేతిలో పెడతారు. పెప్రె వాళ్ళను మాత్రం తెల్లారేదాకా కూర్చోబెట్టి బేరమాడతారు.

మా ప్రాంతంలో బడి మన కథలతో మొదలైన రోజు కూడా ఒకటి ఉంది. 1940లలో హైమండార్ఫ్ గారు మార్లవాయిలో గోండు పిల్లలకు బడి, ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టించినప్పుడు గోండిలోనే వాచకాలు చేశారు. కార్లైల్ బడి చేసినదానికి ఇది పూర్తిగా ఎదురు. తర్వాత ఏళ్ళలో బడులు పెరిగాయి, హాస్టళ్ళు పెరిగాయి, గోండి మాత్రం తరగతి గదిలోంచి వరండాలోకి పోయింది. ఆగస్టు పదిహేనుకు పిల్లలకు ఈకలు కట్టి గుస్సాడీ ఆడించి ఫొటోలు తీసుకోవడమే సంస్కృతి పీరియడ్ అయింది. పెద్దాయన కనకరాజు గారు గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చారు, మాకు గర్వమే. కానీ గుస్సాడీ ఆడే నెల వేరు, దానికి నియమం వేరు. అది తెలిసిన టీచరు పిల్లల చేత ఆగస్టులో ఆడించడు.

మేము పెద్ద పథకమేమీ వేయలేదు. ఆ పళ్ళు తోముకుంటూ వచ్చిన పిల్లవాడి తాతను ఆదివారాలు హాస్టల్‌కు రమ్మని అడిగాం. ఆయన మొదటి మాట, "ఏమిస్తరు?" మాకు ఆ మాట నచ్చింది. మా ఇద్దరి జేబుల్లోంచి పూటకింత అని నోరారా చెప్పి, లెక్కపెట్టి చేతికిచ్చాం. బియ్యం మూట కాదు, పాత పంచె కాదు. వచ్చినరోజు ఆయన్ని కుర్చీలో కూర్చోమన్నాం. కుర్చీలో కిక్రి రాదు, కింద కూర్చుంటేనే వస్తుందన్నాడు. సరే అని మేమూ కింద కూర్చున్నాం, పిల్లలూ కూర్చున్నారు. గోండు పిల్లలు, ప్రధాన్ పిల్లలు, కొలాం పిల్లలు, ఇద్దరు లంబాడీ పిల్లలు. ఆడపిల్లలు నేర్చుకోవచ్చా అని అడిగితే తాత చాలాసేపు బీడీ కాల్చాడు. "మా ఇంట్ల ఆడోళ్ళు వాయించలె" అన్నాడు. తర్వాత వారం ఆ 'పెద్ద ఎవరు' అని అడిగిన పిల్ల ఆయన పక్కనే వచ్చి కూర్చుంది. ఆయన లేవమనలేదు.

పూజలో చెప్పే కథను ఆదివారం హాస్టల్లో నేర్పనని తాత ముందే చెప్పాడు. అది దేవుడి ముందు చెప్పేది, ఆ సమయంలోనే చెప్పేది. మేము ఒత్తిడి చేయలేదు. దాని బదులు పిల్లల్నే సొంతంగా ఏదన్నా కట్టమన్నాం, అరిజోనా పిల్లల్లాగా. ఇప్పటిదాకా తయారైనవి రెండు. ఒకటి బస్సు రాని రోజు బడికి నడిచి వచ్చే దారి మీద. రెండోది హాస్టల్ గంట మీద, అది మోగినప్పుడల్లా కిక్రి విసుక్కుంటున్నట్టు పలకాలట. తాతకు రెండోది బాగా నచ్చింది. విసుగును కమానుతో ఎట్లా పలికించాలో పది రకాలుగా చూపించాడు. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఒక్క కిక్రితో పదకొండుమంది పిల్లలకు కుదరడం లేదు. ఇంకో మూడు చేయించాలి. కట్టె తాత చూసుకుంటానన్నాడు, తోలు దొరుకుతుంది. కమానుకు గుర్రపు వెంట్రుకలు కావాలి. నైలాన్ దారంతో ప్రయత్నించాం, పలకలేదు, కీచుమంది. చివరికి పట్నంలో పెళ్ళికొడుకును ఊరేగించే గుర్రం ఉన్న మనిషిని పట్టుకున్నాం. తోకలోంచి గుప్పెడు వెంట్రుకలు అంటే ముందు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. సంగతి చెప్పాక, పెళ్ళిళ్ళ కాలం అయిపోనివ్వండి, అప్పటిదాకా తోక నిండుగా ఉండాలి అన్నాడు. శ్రావణం పెళ్ళిళ్ళు అయ్యాక రమ్మన్నాడు.